సగం మెరుపు

ఫ్యాక్టరీ మూసేసిన వారానికే మా ఆయన మంచం కిందనుంచి స్పీకర్ల మూట బయటికి లాగారు.

పెళ్ళయిన కొత్తలో ఏదో పాత సామాన్ల కొట్లో కొన్నవవి. పళ్ళెమంత పెద్దవి రెండు, సాసరంత చిన్నవి రెండు. "తీరిక దొరికినప్పుడు వీటికి మంచి పెట్టెలు చేస్తా. అప్పుడు విందువుగాని పాటంటే ఏమిటో" అని పాత దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోశారు. ఆ తీరిక మా అమ్మాయి కాలేజీకి వచ్చేదాకా దొరకలేదు. తీరా దొరికితే ఇలా దొరికింది.

ఆయన పనిచేసింది ఫ్రిజ్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో, పెయింట్ విభాగంలో. మొదట్లో స్ప్రే గన్ పట్టుకుని తలుపులకు రంగు కొట్టేవారు. తర్వాత్తర్వాత రంగేసిన తలుపుల్ని తనిఖీ చేసే పనికి మారారు. వెంట్రుకంత గీత కనబడినా, ఆవగింజంత దుమ్ము అంటినా సుద్దముక్కతో దాని చుట్టూ సున్నా చుట్టి వెనక్కి పంపేసేవారు. అక్కడ అందరూ ఆయన్ని 'భూతద్దం' అని పిలిచేవాళ్ళు. ఇంట్లోనూ అదే వరస. కొత్త గిన్నె కొనుక్కొస్తే, అది పొయ్యి ఎక్కేలోపే సొట్ట ఎక్కడుందో చెప్పేసేవారు.

"ఇంతమందిలోకీ నిన్నెలా పాస్ చేశాడో వీడు, నాకిప్పటికీ అర్థం కాదమ్మా" అనేది మా అత్తయ్య నాతో.

వానలు అప్పుడే మొదలయ్యాయి. నేను మా వీధి చివర పళ్ళ డాక్టరమ్మగారి క్లినిక్‌లో పనికి కుదిరాను. ఫోన్లు ఎత్తడం, పేర్లు పిలవడం, లోపల మిషను చప్పుడు విని లేచి వెళ్ళిపోబోయేవాళ్ళని మాటల్లో పెట్టి కూర్చోబెట్టడం నా పని. పెళ్ళయ్యాక బయట పని చెయ్యడం అదే మొదలు. నా జీతంతో ఇల్లు గడిచిపోతుంది గానీ అమ్మాయి చదువు దాకా రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

పెట్టెల పని మాత్రం జోరుగా సాగింది. ఆయన కాగితం మీద కొలతలు గీసి, చెక్క కోత వడ్రంగి షాపులో చేయించుకొచ్చారు. ఇంట్లో రంపం ఉండగా బయటెందుకని నేను అడగలేదు. ముక్కలు జిగురుతో అతికి, బిగింపులు పెట్టి, అతుకుల్లో లప్పం నింపి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది నునుపు చేశారు. పెరట్లో రేకుల షెడ్డు నిండా చెక్కపొడి. ఆయన కనుబొమ్మల మీద కూడా అదే. నడుమెత్తు పెట్టెలు రెండు తయారై హాల్లోకి వచ్చిన రోజున అత్తయ్య వాటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వేలితో కొట్టి చూసింది.

"ఒరేయ్, ఇవి స్పీకర్లా, బీరువాలా?"

"లోపల గాలికి చోటుండాలమ్మా. అప్పుడే గొంతు నిండుగా వస్తుంది."

"గాలి కోసం ఇంత చెక్కా! కిటికీ తీస్తే రాదూ?"

అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆయనా నవ్వారు. ఫ్యాక్టరీ మూశాక ఆ ఇంట్లో అందరం ఒక్కసారి నవ్వడం అదేననుకుంటాను.

ఇక రంగు. గొడవంతా అక్కడే మొదలైంది.

రంగుల కొట్టతను ఇచ్చిన నమూనా చెక్కముక్కలు ఆయన గోడవారగా వరసగా నిలబెట్టారు. మేం నలుగురం నేల మీద కూర్చున్నాం. అమ్మాయికి నారింజ రంగు కావాలి. "చూడగానే హుషారు రావాలి నాన్నా" అంది. అత్తయ్య రంగే వద్దంది. చెక్కన్నాక చెక్కలా కనబడాలి, వార్నిష్ కొట్టి వదిలెయ్యమంది. నాకైతే గోడ రంగే వేసేస్తే బాగుండుననిపించింది. అంత పెద్దవి ఎలాగూ దాచలేం, కనీసం గోడలో కలిసిపోతాయి కదా!

ఆయన అన్నీ విని, చివరి ముక్క చేతిలోకి తీసుకున్నారు. నల్లది. దాంట్లో ట్యూబ్‌లైటు, ఫ్యానూ, అత్తయ్య కళ్ళజోడూ అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి.

"గ్లాసీ నలుపు" అన్నారు. "అద్దంలా ఉండాలి. దువ్వెన పట్టుకుని దీని ముందే నిలబడతారు చూడండి."

"గీతలు పడితే?" అన్నాను.

"పడకుండా చూసుకోవాలి."

"అసలు వెయ్యడమే కష్టమని మీరే అనేవారుగా."

"కష్టమే. కింద ఉన్న ప్రతి లోపం పైకి చూపించేస్తుంది. మెరుపే లేని మ్యాట్ అయితే అన్నీ కడుపులో పెట్టుకుంటుంది. ఇదిగో ఇది శాటిన్, సగం మెరుపు. చెయ్యి కుదరనివాళ్ళు వేసేది." ఆ ముక్కని ఆయన చివరగా, అన్నిటికంటే దూరంగా పెట్టారు. "పెయింట్ విభాగంలో ఇన్నేళ్ళు ఉన్నవాడి ఇంట్లో సగం మెరుపేమిటి?"

రంగు ఆయన పని, నిర్ణయం కూడా ఆయనదే అయింది.

ఆ తర్వాత వారాలు గడిచాయి గానీ రంగు మాత్రం ముందుకు కదల్లేదు.

నేను క్లినిక్కి, అమ్మాయి కాలేజీకి, అత్తయ్య మధ్యాహ్నం కునుకుకి వెళ్ళాకే ఆయన షెడ్డులోకి వెళ్ళేవారు. సాయంత్రం నేను వచ్చేసరికి గన్‌కి గాలి కొట్టే కంప్రెసర్ ఆగిపోయి ఉండేది. వేసిన రంగంతా రుద్దేసిన పెట్టెలు మళ్ళీ వెలవెలబోతూ కనబడేవి.

"ఇవాళేమైంది?"

"గాల్లో తేమ. రంగు మీద పొగ కమ్మినట్టు తెల్లగా లేచింది."

ఇంకోరోజు థిన్నర్ నాసిరకం. ఇంకోరోజు దుమ్ము. మరోరోజు కరెంటు ఎగుడుదిగుళ్ళు, కంప్రెసర్‌కి ఒత్తిడి చాల్లేదు. కారణాలన్నీ నిజమే అయ్యుంటాయి. వానాకాలంలో రంగు పని ఎవరికైనా కష్టమే. కాకపోతే ఆయన చెప్పేటప్పుడు నా వైపు చూసేవారు కాదు, పెట్టెల వైపు చూసేవారు.

ఒక సాయంత్రం వాన వెలిసి, నేలంతా వెచ్చగా ఆవిరి కక్కుతోంది. నేను ఇంట్లోకి అడుగుపెడుతూనే అమ్మాయి పెరట్లోంచి కేకేసింది. "అమ్మా, ఇటు రా! పురుగులు!"

వెళ్ళి చూస్తే షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బల్బు వెలుగుతోంది. దాని చుట్టూ ఉసిళ్ళు ముసురుకుని ఉన్నాయి. నేల మీద రెక్కలే రెక్కలు. అప్పుడే వేసిన నల్లరంగు తడి మీద ఎన్ని అంటుకున్నాయో, నువ్వులు చల్లినట్టుంది. కొన్ని ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

"అయ్యో నాన్నా, అంతా పోయింది!" అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"తలుపు ఎవరు తీశారు?" అన్నాను.

"నేనే. గాలి ఆడుతుందని."

"లైటు?"

"ఆర్పడం మర్చిపోయా" అని, "పోన్లే. రేపు రుద్దేస్తా" అన్నారు.

ఇల్లు తుడిచిన గుడ్డ మడత సరిగా లేదని విసుక్కునే మనిషి. అలాంటి మనిషికి ఆ పెట్టెల్ని చూసి కోపం రాలేదు. బడికి సెలవిచ్చేశారని విన్న పిల్లాడి ముఖంలా తేలికపడింది ఆయన ముఖం. నేను దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. పురుగులు వాలని పక్కన, కింది అంచు దగ్గర రంగు మైనంలా జారి చారికలు కట్టి ఉంది. పురుగులు రాకముందే అది చెడింది.

ఆ సంగతి పైకి అనలేదు. అంటే ఏమవుతుందో తెలియలేదు మరి.

తర్వాత కొద్దిరోజులకి డాక్టరమ్మగారికి జ్వరం వచ్చి మధ్యాహ్నమే క్లినిక్ మూసేశారు. నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్య గదిలోంచి గురక వినబడుతోంది. పెరట్లో కంప్రెసర్ గుడగుడలాడుతోంది. షెడ్డు కిటికీకి తలుపు సరిగా పడదు. ఆ సందులోంచి లోపలికి చూశాను.

పెట్టెలు రెండూ మూలన గుడ్డ కప్పుకుని ఉన్నాయి. ఎదురుగా గోడకి పాత ఇనపరేకు ఒకటి ఆనించి ఉంది. ఆయన దాని ముందు గన్ పట్టుకుని నిలబడ్డారు. గన్‌లో రంగు లేదు. ఉత్త నీళ్ళు. ఎండిన రేకు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక తడి పట్టీ కొట్టి, ఆగి, దాన్ని చూస్తున్నారు. పట్టీ తిన్నగా రాలేదు. చీర అంచు గాలికి ఎగిరినట్టు పైకీ కిందికీ పోయింది. అది ఆరిపోయేదాకా ఆగి మళ్ళీ కొట్టారు. ఈసారి ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. అయినా చెయ్యి వణుకుతూనే ఉంది. గన్ మూతి ఆ వణుకుతో పాటే ఊగుతోంది.

ఎంతసేపు చూశానో. కొట్టడం, ఆరేదాకా ఆగడం, మళ్ళీ కొట్టడం.

లోపలికి వెళ్ళలేదు. చప్పుడు కాకుండా వీధిలోకి నడిచి, బయటనుంచి గేటు గొళ్ళెం గట్టిగా చప్పుడు చేసి మళ్ళీ లోపలికి వచ్చాను. కంప్రెసర్ ఆగిపోయింది. ఆయన చేతులు తువ్వాలులో చుట్టుకుంటూ బయటికి వచ్చారు.

"ఇవాళ త్వరగా వచ్చావే?"

"డాక్టరమ్మగారికి జ్వరం."

"పళ్ళ డాక్టర్లకి కూడా జ్వరాలొస్తాయన్నమాట" అన్నారు. నేను నవ్వాను.

ఆ వారంలోనే ఆయన కూరగాయలకి వెళ్ళి ఫోన్ ఇంట్లో మర్చిపోతే, మోగింది. ఫ్యాక్టరీలో ఆయనతో పాటు పనిచేసిన పొడుగాయన. మనిషి తాటిచెట్టంత ఉంటారు, అందుకని అందరికీ ఆయన పొడుగాయనే. ఫ్యాక్టరీ మూశాక వేరే ఊళ్ళో బస్సులకు బాడీ కట్టే చోట కుదిరారని తెలుసు.

"బాగున్నారా అమ్మా? మా భూతద్దం ఏడీ? ఆ స్పీకర్లు అయ్యాయా లేదా?"

"ఇంకా లేదన్నయ్యగారూ. రంగు కుదరడం లేదు."

"అదేమిటమ్మా, వాడికి రంగు కుదరకపోవడమేమిటి! స్పీకర్లు అయ్యాక వస్తానన్నాడు కదాని ఇక్కడ నేను వాడికోసం ఒక ఉద్యోగం పట్టుకుని కూర్చున్నాను. వీళ్ళు ఇంకెంత ఆగుతారు? పెద్దగా ఏం లేదమ్మా, వచ్చి వాళ్ళ ముందు ఒక తలుపుకి గన్‌తో రంగు కొట్టి చూపించాలి. వాడికదో లెక్కా! కళ్ళు మూసుకుని కొడతాడు."

"చెప్తానన్నయ్యగారూ" అన్నాను.

ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడిపోయాను. ఇన్నాళ్ళూ ఆయన అద్దంలాంటి మెరుపు కోసం పట్టుబడుతున్నారనుకున్నాం. ఆయన పట్టుబట్టింది ఆ తలుపు కోసం. ఈ పెట్టెల మీద ఒక్కసారి గ్లాసీ కుదిరితే, అక్కడా కుదురుతుందని.

అత్తయ్య టీకోసం వచ్చి నా ముఖం చూసింది.

"ఎవరమ్మా ఫోను?"

చెప్పాను. రేకు మీద నీళ్ళ సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. ఆవిడకి టీ ఎప్పుడూ సగం గ్లాసే పొయ్యాలి. నిండుగా పోస్తే తిడుతుంది.

"నాకు సూదిలో దారం ఎక్కించడం రాకుండా పోయింది, అదే మొదలు" అంది. "వాడి వయసే ఉంటుంది నాకప్పుడు. మా అమ్మకీ అంతే. ముసలితనం వల్ల వణుకుతున్నాననుకుంటారు మీరంతా. ముసలితనం తర్వాత వచ్చిందమ్మా, వణుకే ముందొచ్చింది."

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?"

"అన్నం తినేటప్పుడు చూడలేదూ? పప్పు గరిటె ఇప్పుడు నీచేతికే ఇస్తున్నాడు. ఇంతకుముందు ఎవరినీ వడ్డించనిచ్చేవాడా?"

నేను రోజూ వడ్డిస్తూనే ఉన్నాను. నాకది ప్రేమగానే తోచింది.

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆ చెయ్యి జేబులోకి పోతుంది. ఇక బయటికి రాదు. వాడంతట వాడు చెప్పాలి." టీ ఒక గుక్క తాగి, "లేదా నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి. నా తెలివి ఇంతవరకే" అంది.

ఆదివారం పొద్దున్న ఆకాశం కడిగినట్టుంది. చాలా రోజుల తర్వాత ఎండ. రంగుకి ఇంతకంటే మంచి రోజు దొరకదని షెడ్డు ముందు కుర్చీలో కూర్చున్న ఆయనకీ తెలుసు. గుడ్డ తీసిన పెట్టెలు ఎదురుగా ఉన్నాయి, అసలు రంగుకి ముందు వేసే బూడిదరంగు పూతతో. ఆయన చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"గాలి ఎక్కువగా ఉందేమో" అన్నారు నన్ను చూసి.

ఆరేసిన బట్ట ఒక్కటి కూడా కదలడం లేదు.

"గన్ నాకివ్వండి" అన్నాను.

"నీకెందుకు?"

"నేర్పండి. మీరు చూస్తుండండి, నేను కొడతాను."

"ఏమిటీ వేళాకోళం? వంటింటి గోడకి సున్నం వెయ్యడం కాదిది."

"అందుకే నేర్పమంటున్నా."

పక్కింట్లో ఎవరో బకెట్లో నీళ్ళు పట్టుకుంటున్నారు. బకెట్టు నిండి పొర్లి, కుళాయి కట్టేదాకా ఆయన పెట్టెల్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి, షెడ్డులోకి వెళ్ళి, అరల్లో వెతికి, ఆ నమూనా ముక్కల్లోంచి ఒకటి తెచ్చి పెట్టె మీద పెట్టారు.

"గ్లాసీ వద్దు మరి" అన్నారు. "కొత్త చేతికి గ్లాసీ కుదరదు. శాటిన్ వేద్దాం."

కొత్త చెయ్యి అన్నారు. నేను తలూపాను.

"నలుపేనా?" అన్నాను.

"నలుపెందుకు? నీకేది కావాలో చెప్పు."

నాకేది కావాలో ఎవరూ అడగనందువల్లో ఏమో, చటుక్కున గోడరంగు అనలేకపోయాను. "ముదురు ఆకుపచ్చ" అన్నాను. ఎక్కడనుంచి వచ్చిందో ఆ మాట. అమ్మాయి సైకిలేసుకుని రంగుల కొట్టుకు పరిగెత్తింది.

ముందు నీళ్ళతో, ఆ ఇనపరేకు మీదే మొదలుపెట్టించారు.

"జానెడు దూరం. దగ్గరికెళ్తే కారుతుంది, దూరమైతే పొడిలా పడుతుంది. మణికట్టు తిప్పకు, భుజం నుంచి కదులు. చెయ్యి కదలడం మొదలయ్యాకే మీట నొక్కాలి. చివర్లో మీట వదిలాకే చెయ్యి ఆపాలి. మధ్యలో ఆగితే అక్కడే మడుగు."

అంత పొడుగు మాట ఆ వానాకాలంలో ఆయన నాతో మాట్లాడలేదు. నేను కొట్టిన మొదటి పట్టీ చూసి అత్తయ్య కిటికీలోంచి, "పాము పోయినట్టుందే!" అంది.

"నువ్వు ఊరుకో అమ్మా. మొదటిరోజు నాదీ అంతే."

మళ్ళీ కొట్టాను. మళ్ళీ. భుజం లాగేస్తోంది. అయినా చివర్లో ఆగిపోతున్నాను. ఆయనకి ఓపిక పట్టలేదు. "అలా కాదు, ఇలా" అంటూ వెనకనుంచి వచ్చి గన్ పట్టుకున్న నా చేతి మీద తన చెయ్యి వేశారు.

వేశాకే గుర్తొచ్చినట్టుంది. ఆ వణుకు నా వేళ్ళలోకి వచ్చింది. సన్నగా, ఆగకుండా. ఇద్దరి చేతుల్లోనూ గన్ ఊగింది. ఆయన చెయ్యి తీసేస్తారనుకున్నాను. తీయలేదు.

"ఇదీ సంగతి" అన్నారు మెల్లిగా.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీరు రేకు మీద నీళ్ళు కొడుతుంటే చూశా."

"ఓహో. అందుకా గేటు అంత గట్టిగా మోగింది?"

"పొడుగాయన ఫోన్ కూడా చేశారు."

"అదీ తెలుసా!" ఆయన నవ్వారు. "ఫ్యాక్టరీలో ఉన్నప్పుడే మొదలైందిది. అందుకే తనిఖీకి మారిపోయా. మీ అందరికీ ప్రమోషనని చెప్పా."

"ఆ రోజు మిఠాయి కూడా తెచ్చారు."

"తేవాలి కదా మరి" అన్నారు. "సరే, అటు చూడు. ఆగకు. చివరిదాకా పో."

మధ్యాహ్నానికి మొదటి పూత పడింది. నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని, పట్టీ మీద పట్టీ సగం ఎక్కేలా కొట్టుకుంటూ పోతుంటే, ఆయన వెనకనుంచి "నిదానం", "కింది అంచు", "ఇంకోసారి దాని మీదికి పోకు" అంటూ ఉన్నారు. రెండు చోట్ల కారింది. ఒక మూలన రంగు చాలక బూడిదరంగు కనబడింది. ఆరాక రుద్ది, మరునాడు సాయంత్రం క్లినిక్ నుంచి రాగానే రెండో పూత వేశాం. మూడోది కూడా వేశాక ఆయన చుట్టూ తిరిగి, పక్కనుంచి వెలుతురు పడేలా వంగి వంగి చూశారు. ఫ్యాక్టరీలో ఎలా చూసేవారో అలాగే.

"ఏం, వెనక్కి పంపేస్తారా?" అన్నాను.

"ఫ్రిజ్ తలుపైతే పంపేవాణ్ణి" అన్నారు. "ఇవి స్పీకర్లు. వీటిని వింటారు."

అత్తయ్య బయటికొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "పాత బ్యాంకు తలుపుల్లా ఉన్నాయి" అంది. అది మెచ్చుకోలని ఆవిడే తర్వాత అమ్మాయితో చెప్పిందిట.

డాక్టరుకు చూపించుకోవడానికి ఆయన ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది. అదీ అత్తయ్య తనూ వస్తానంటేనే. ఆ డాక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. మా ఆయన చేతికి కాగితం, పెన్నూ ఇచ్చి నత్తగుల్లలా లోపలినుంచి బయటికి చుట్లు గీయమన్నారు. ఆయన గీశారు. చుట్టు పొడుగునా రంపపు పళ్ళే.

"నాకూ ఇవ్వండి" అని అత్తయ్య ఇంకో కాగితం లాక్కుని గీసింది. రెండూ పక్కపక్కన పెట్టి, "ఎవరిది బాగుంది డాక్టరుగారూ?" అని అడిగింది.

డాక్టరుగారు నవ్వు ఆపుకోలేకపోయారు. "తల్లిదే నయం" అన్నారు. ఇది వంశంలో వచ్చే వణుకనీ, ప్రాణానికి భయం లేదనీ, మాత్రలతో కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదనీ చెప్పారు. ఆయన అన్నీ శ్రద్ధగా విన్నారు. బయటికొచ్చాక ఆసుపత్రి మెట్ల మీద నిలబడి, "పోదన్నమాట" అని ఒక్కసారి అన్నారు. అత్తయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఎవరు ఎవరిని పట్టుకుని దింపారో చూసేవాళ్ళకి తెలియదు.

ఆ సాయంత్రమే పొడుగాయనకి తనే ఫోన్ చేశారు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. పక్కగదిలోకి వెళ్ళకుండా నా ముందే కూర్చుని మాట్లాడారు.

"ఒరేయ్, నేను రాలేనురా. చెయ్యి వణుకుతోంది. గన్ పట్టలేను... లేదు, నిజమే... చాన్నాళ్ళయింది... చూసే పనైతే వస్తా. వాళ్ళకి చూసేవాడు అక్కర్లేదా?... సర్లే. అడిగావుగా, అది చాలు."

ఫోన్ పక్కన పెట్టి చేట తన వైపు లాక్కున్నారు. వణికే చేత్తోనే ఒక రాయి ఏరి పక్కన పడేశారు.

"అక్కర్లేదట" అన్నారు.

"అన్నం తిందాం" అన్నాను.

స్పీకర్లు బిగించిన రోజున ఏ పాట పెట్టాలన్న దాని మీద తండ్రీకూతుళ్ళు వాదించుకుంటుంటే, ఈలోగా అత్తయ్య రేడియో పెట్టేసింది. ఆ పెద్ద పెట్టెల్లోంచి వచ్చిన మొదటి గొంతు వాతావరణ సమాచారం చదివే అమ్మాయిది. రాగల రెండు రోజుల్లో చెదురుమదురుగా జల్లులు పడతాయని ఆ అమ్మాయి మా హాల్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు చెప్పింది. పేజీ తిప్పిన చప్పుడు కూడా వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

వానలు తగ్గుముఖం పట్టాక డాక్టరమ్మగారు ఏదో మాటల్లో, క్లినిక్‌లో మందుల అరలూ, లోపలి గది తలుపూ పాడైపోయాయనీ, మంచి రంగు పనివాళ్ళెవరైనా తెలుసా అనీ అడిగారు. తెలుసన్నాను. అన్నాకే నోరు జారానేమోనని భయం వేసింది. ఇంటికెళ్ళి ఆయనకి చెప్తే, ఎప్పుడు అని కూడా అడగలేదు. గన్ విప్పి కడగడం మొదలుపెట్టారు.

వరసగా రెండు సెలవురోజులు అక్కడే ఉన్నాం. అరలన్నీ బయటికి తీసి, పాతరంగు గీకి, టేపులంటించి, పాత దుప్పట్లు పరిచాం. నేను రోజూ పేర్లు పిలిచే గదిలో ముక్కుకి ముసుగు కట్టుకుని గన్ పట్టుకుని నిలబడ్డాను. ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉన్నారు. తలుపుకి రెండో పూత సగంలో ఉండగా ఒకచోట నా చెయ్యి తనంతట తనే నిదానించింది. అక్కడ ఆయన "నిదానం" అనబోయి ఊరుకున్నారు.

సోమవారం పొద్దున్న డాక్టరమ్మగారు వచ్చి తలుపుని అటూ ఇటూ చూశారు. అరచేత్తో నిమిరారు. మేము ఇద్దరం గుమ్మం పక్కన నిలబడి ఉన్నాం.

"చాలా బాగుందండీ" అన్నారు మా ఆయనతో. "మీది మంచి చెయ్యి."

"చెయ్యి మా ఆవిడదండీ" అన్నారాయన. "నాది చూపు."

ఆ మాట అనేటప్పుడు ఆయన చేతులు రెండూ జేబుల్లో లేవు, బయటే ఉన్నాయి.